ఇంటి స్విమ్మింగ్ పూల్‌కి ఎంత పంపు కావాలి? - ఎపిసోడ్ పూర్తి పాఠం

పోయిన ఎపిసోడ్‌లో ఓవర్‌హెడ్ ట్యాంకుకి ప్రెషర్ పంపు గురించి మాట్లాడుకున్నాం. దాని కింద చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, మా ఫామ్‌హౌస్‌లో చిన్న పూల్ కట్టిస్తున్నాం, ఎన్ని హెచ్‌పీ మోటార్ వెయ్యాలి?" అని. ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, "మా మేస్త్రీ 2 హెచ్‌పీ అంటున్నాడు, షాపు ఆయన 1 హెచ్‌పీ చాలంటున్నాడు, ఎవరి మాట వినాలి?" అన్నారు.

ఇద్దరి మాటా వినకండి. ఎందుకంటే ఇద్దరూ మీ పూల్ కొలత అడగలేదు. కొలత అడక్కుండా హెచ్‌పీ చెప్పేవాడు మిమ్మల్ని చూడకుండా చొక్కా కుట్టేవాడి లాంటివాడు.

నేను పంపుల పనిలో పందొమ్మిదేళ్ళ నుంచి ఉన్నాను. ఇందులో నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది, అది కూడా సొంతవాళ్ళ ఇంట్లో. దాని గురించి కూడా ఇవాళ చెప్తాను. ముందు లెక్క అర్థం చేసుకుందాం. లెక్క తెలిస్తేనే ఆ తప్పు ఎక్కడ జరిగిందో మీకు తెలుస్తుంది.

ట్యాంకు మోటార్ వేరు, పూల్ పంపు వేరు

మనం పంపుని కూడా మోటారే అంటాం. అలవాటు. ఆ అలవాటు వల్లే ఒక పొరపాటు జరుగుతుంది. ఇంట్లో సంపు నుంచి ట్యాంకుకి నీళ్ళు ఎక్కించే మోనోబ్లాక్ ఒకటి పాతది ఉంటుంది, లేదా పొలం దగ్గర వాడింది ఉంటుంది, దాన్నే పూల్‌కి తగిలించేస్తారు. నీళ్ళు తిరుగుతాయి, కాదనను. కానీ ఆరు నెలల్లో సంగతి తెలుస్తుంది.

ట్యాంకు మోటార్ పని ఏంటి? నీళ్ళని కింద నుంచి పైకి ఎత్తడం. 40 అడుగులు, 50 అడుగులు. పూల్ పంపు పని అది కాదు. పూల్‌లో నీళ్ళు తీసుకుని, ఫిల్టర్‌లోంచి తోసి, మళ్ళీ అదే పూల్‌లోకి పంపిస్తుంది. బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది కాబట్టి ఎత్తాల్సిన ఎత్తు దాదాపు ఏమీ ఉండదు. అది పోరాడాల్సింది పైపుల్లో, మలుపుల్లో, ఫిల్టర్ ఇసుకలో ఉండే రాపిడితో మాత్రమే. అంటే ఎక్కువ నీళ్ళు, తక్కువ ఒత్తిడి. పొలం పంపుని ఆ అవసరానికి తయారుచెయ్యలేదు.

రెండోది, ఆ మోనోబ్లాక్ బాడీ పోత ఇనుము. పూల్ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. ఇనుము తుప్పు పడుతుంది, ఆ తుప్పు పూల్‌లోకే వెళ్ళి టైల్స్ మీద గోధుమరంగు మరకలు వేస్తుంది. పూల్ పంపు బాడీ ప్లాస్టిక్‌తో చేస్తారు. మూడోది, పూల్ పంపు ముందు భాగంలో ఒక బుట్ట ఉంటుంది, పైన పారదర్శకమైన మూత. ఆకులు, వెంట్రుకలు, పురుగులు ఆ బుట్టలో ఆగిపోతాయి. ట్యాంకు మోటారుకి అది ఉండదు కాబట్టి చెత్తంతా నేరుగా ఇంపెల్లర్‌లోకి పోతుంది. అందువల్ల పాత మోటార్ ఆలోచన ఇక్కడితో పక్కన పెట్టేయండి.

మొదటి లెక్క: పూల్‌లో ఎన్ని నీళ్ళు?

ఒక పూల్ తీసుకుందాం. 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. ఒక వైపు 3 అడుగుల లోతు, ఇంకో వైపు 5 అడుగులు. సగటు లోతు 4 అడుగులు. హైదరాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లలో ఇంచుమించు ఈ సైజువి చాలా కనిపిస్తాయి.

24 ఇంటూ 12 ఇంటూ 4. మొత్తం 1,152 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగుకి 28.3 లీటర్లు. గుణిస్తే దాదాపు 32,600 లీటర్లు. గుండ్రటి పూల్ అయితే వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, దాన్ని సగటు లోతుతో గుణించి, చివర్లో 0.785తో గుణించండి. ఘనపుటడుగులు వస్తాయి.

ఇప్పుడు ఈ నీళ్ళన్నీ ఒకసారి ఫిల్టర్‌లోంచి వెళ్ళి రావడానికి ఎన్ని గంటలు తీసుకోవాలి అనేది చూడాలి. దీన్నే టర్నోవర్ అంటారు. ఇంటి పూల్‌కి 6 నుంచి 8 గంటలు మామూలుగా చాలు. ఎక్కువమంది దిగే హోటల్ పూల్ సంగతి వేరు, దాన్ని ఇంకా త్వరగా తిప్పాలి. మనది ఇల్లు. 6 గంటలు అనుకుందాం. 32,600ని 6తో భాగిస్తే గంటకి 5,400 లీటర్లు.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. "గంటకి 5,400 లీటర్లు ఇచ్చే పంపు కొంటే చాలు కదా" అని. చాలదు. ఇది కింది హద్దు మాత్రమే. ఇంకో రెండు వస్తువుల మాట కూడా వినాలి. ఒకటి ఫిల్టర్, రెండోది పైపు.

రెండో లెక్క: ఫిల్టర్ ఏమంటుంది?

మన దగ్గర ఎక్కువగా వాడేది ఇసుక ఫిల్టర్. గుండ్రటి డ్రమ్ములాగా ఉంటుంది, లోపల ప్రత్యేకమైన ఇసుక. నీళ్ళు పై నుంచి కిందికి ఇసుకలోంచి దిగుతాయి, మురికి ఇసుకలో ఆగిపోతుంది. నెమ్మదిగా దిగితే బాగా ఆగుతుంది. వేగంగా తోస్తే ఇసుకలో దారులు పడిపోతాయి, మురికి ఆ దారుల్లోంచి నీళ్ళతో పాటే బయటికొచ్చేస్తుంది. పెద్ద పంపు వేస్తే నీళ్ళు బాగా శుభ్రమవుతాయనేది అందుకే భ్రమ. పెద్ద పంపు వేస్తే నీళ్ళు మసకబారతాయి.

లెక్క ఇది. ఫిల్టర్ పైనుంచి చూస్తే కనిపించే వైశాల్యం, ప్రతి చదరపు మీటరుకి గంటకి 50 వేల లీటర్లు మించకూడదు. 500 ఎంఎం వ్యాసం ఉన్న ఫిల్టర్ తీసుకోండి. దాని వైశాల్యం 0.196 చదరపు మీటర్లు. అంటే గంటకి 9,800 లీటర్లు, దాదాపు 10 వేలు. ఇది పై హద్దు.

మరి ఫిల్టర్‌కి కింది హద్దు కూడా ఉందా? ఉంది. వారానికో పది రోజులకో బ్యాక్‌వాష్ చేస్తాం కదా, నీళ్ళని కింద నుంచి పైకి వెనక్కి తోసి, ఇసుకలో చిక్కిన మురికిని డ్రైనేజీలోకి పంపించడం. ఆ తోపు ఇసుకని పైకి లేపేంత బలంగా ఉండాలి. దానికి చదరపు మీటరుకి గంటకి 37 వేల లీటర్లు, ఆ దగ్గరలో కావాలి. 500 ఎంఎం ఫిల్టర్‌కి అది 7,200 లీటర్లు అవుతుంది. ఇందాక టర్నోవర్ లెక్కలో వచ్చిన 5,400 లీటర్ల పంపు వేస్తే, రోజూ నీళ్ళు తిరుగుతాయి కానీ బ్యాక్‌వాష్ సరిగ్గా అవదు. ఇసుక గడ్డకట్టిపోతుంది. చిన్న పంపు పెట్టినవాళ్ళు ఎందుకు ఇబ్బంది పడతారో ఇప్పుడు అర్థమైంది కదా.

కాబట్టి మన పూల్‌కి 7,200 పైన, 9,800 లోపల ఉండాలి. గంటకి 8,000 లీటర్లు పెట్టుకుందాం. 32,600 లీటర్లు నాలుగు గంటల్లో ఒకసారి తిరుగుతాయి. రోజుకి ఆరు గంటలు నడిపితే ఒకటిన్నర సార్లు. ఇంటి పూల్‌కి బ్రహ్మాండం.

మూడో లెక్క: పైపు

పంపు నీళ్ళు లాగే వైపు, అంటే సక్షన్ వైపు, నీళ్ళ వేగం సెకనుకి 1.8 మీటర్లు, అంటే 6 అడుగులు మించకుండా చూసుకోవాలి. బయటికి తోసే వైపు 2.4 మీటర్లు, 8 అడుగుల దాకా పర్వాలేదు. ఈ లెక్కన 50 ఎంఎం సక్షన్ పైపులో గంటకి సుమారు 10 వేల లీటర్లు, 63 ఎంఎం పైపులో సుమారు 16 వేల లీటర్లు వెళ్తాయి. మన 8 వేలకి 50 ఎంఎం సరిపోతుంది కానీ, నేనైతే 63 ఎంఎం వెయ్యమంటాను. పైపు ఒక సైజు పెరిగితే ఖర్చు ఒక్కసారే. రాపిడికి కట్టే కరెంటు బిల్లు ప్రతి నెలా.

సక్షన్ పైపు సన్నగా ఉండి పంపు పెద్దదైతే ఏమవుతుంది? పంపు అడుగుతుంది, పైపు ఇవ్వలేదు. లోపల చిన్న చిన్న ఆవిరి బుడగలు పుట్టి, ఇంపెల్లర్ దగ్గర పగులుతాయి. పంపులో గులకరాళ్ళు వేసి తిప్పినట్టు శబ్దం వస్తుంది. ఆ శబ్దం వస్తే "కొత్త పంపు కదా, సర్దుకుంటుందిలే" అనుకోవద్దు. ఇంపెల్లర్‌ని రోజూ కొంచెం కొంచెం కొరికేస్తోందని అర్థం. పంపుకి ముందు కనీసం పైపు వ్యాసానికి ఐదు రెట్లు తిన్నగా పైపు ఉండాలి. పంపు మూతి దగ్గరే ఎల్బో పెట్టొద్దు.

ఇప్పుడు పంపు ఎంచుకోవడం

గంటకి 8,000 లీటర్లు, ఎంత ఒత్తిడి దగ్గర? దీన్ని హెడ్ అంటాం, మీటర్లలో చెప్తాం. ఇంటి పూల్‌కి పంపు గది దగ్గరలోనే ఉంటే మామూలుగా 8 నుంచి 14 మీటర్ల మధ్యలో వస్తుంది. ఇప్పటికే పూల్ నడుస్తోంది, పంపు మార్చాలనుకుంటే ఊహించక్కర్లేదు, కొలవచ్చు. ఫిల్టర్ మీద ఉన్న ప్రెషర్ గేజ్ చూడండి. ఒక పీఎస్ఐకి 0.7 మీటర్లు. 12 పీఎస్ఐ ఉంటే 8.4 మీటర్లు. పంపు సక్షన్ వైపు ఒక వాక్యూమ్ గేజ్ పెట్టించండి. అది అంగుళాల్లో చూపిస్తుంది, ఒక అంగుళానికి 0.35 మీటర్లు. 6 అంగుళాలుంటే 2.1. రెండూ కలిపితే 10.5 మీటర్లు. ఇదీ మీ పూల్ హెడ్. గేజ్ కేజీల్లో ఉంటే ఇంకా సులువు, చదరపు సెంటీమీటరుకి 1 కేజీ అంటే 10 మీటర్లు.

ఇప్పుడు షాపుకి వెళ్ళి ఏమడగాలి? "1 హెచ్‌పీ ఇవ్వండి" అని కాదు. "10.5 మీటర్ల హెడ్ దగ్గర గంటకి 8,000 లీటర్లు ఇచ్చే పంపు కావాలి, కర్వ్ చూపించండి" అని అడగండి. ప్రతి మంచి పంపుకీ కంపెనీ ఒక గ్రాఫ్ ఇస్తుంది. అడ్డంగా నీళ్ళు, నిలువుగా హెడ్. మీ రెండు నంబర్లు కలిసే చుక్క ఆ గీత మీద, మధ్య భాగంలో పడాలి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసే "గరిష్ఠంగా ఇన్ని లీటర్లు" అనేది హెడ్ ఏమీ లేనప్పుడు వచ్చేది. అది నమ్మి కొనొద్దు.

మన ఉదాహరణ పూల్‌కి చాలా కంపెనీల్లో 0.75 హెచ్‌పీ పంపు ఆ చుక్క దగ్గరికి వస్తుంది. కొన్నిటిలో 0.5 హెచ్‌పీయే వస్తుంది. అందుకే హెచ్‌పీ ఒక్కటే చూడకూడదు. ఇంకో చిన్న విషయం, పంపు ప్లేటు మీద పీ1, పీ2 అని ఉంటాయి. పీ1 అంటే కరెంటు నుంచి లాగేది, పీ2 అంటే షాఫ్ట్ మీద ఇచ్చేది. రెండు పంపులని పోల్చేటప్పుడు పీ1ని పీ1తోనే పోల్చండి. మీరు బిల్లు కట్టేది పీ1కే.

నేను చేసిన తప్పు

ఇక నా సంగతి. ఇందాకటి నుంచి నేను ఉదాహరణగా చెప్తున్న పూల్ ఉంది చూడండి, 24 బై 12, అది మా బావగారిది. చేవెళ్ళ దారిలో చిన్న తోట ఉంది, అక్కడ కట్టుకున్నారు. పంపు పెట్టింది నేనే.

ఆ రోజుల్లో నా గోడౌన్‌లో 2 హెచ్‌పీ పంపు ఒకటి పడి ఉంది. ఒక హోటల్ వాళ్ళు ఆర్డరిచ్చి, తర్వాత వద్దన్నారు. డబ్బు ఇరుక్కుపోయింది. బావగారు "నీకు తెలిసిందే పెట్టురా, నేనేం అడగను" అన్నారు. సరే, సొంతవాళ్ళే కదా, పెద్ద పంపు పెడితే తప్పేముంది, కొన్న ధరకే ఇస్తే వాళ్ళకీ లాభం, నాకూ గోడౌన్ ఖాళీ అవుతుంది అనుకున్నాను. 500 ఎంఎం ఫిల్టర్ మీద, 63 ఎంఎం పైపు మీద 2 హెచ్‌పీ పెట్టాను. గంటకి 8 వేలు చాలిన చోట 18 వేల దాకా లాగుతోంది. ఫిల్టర్ మోసేదానికి దాదాపు రెట్టింపు.

మొదటి నెలలోనే అక్క ఫోన్ చేసింది. "నీళ్ళు మసగ్గా ఉంటున్నాయిరా, పూల్ అడుగున ఇసుక కనిపిస్తోంది" అని. మందు ఎక్కువ వెయ్యమన్నాను. రెండో నెలలో బావగారు, "బిల్లు చూశావా?" అన్నారు. 2 హెచ్‌పీ పంపు కరెంటు నుంచి లాగేది దాదాపు 2 కిలోవాట్లు. రోజుకి ఆరు గంటలంటే 12 యూనిట్లు, నెలకి 360. యూనిట్ 9 రూపాయలు అనుకోండి, 3,240 రూపాయలు. అదే 0.75 హెచ్‌పీ అయితే దాదాపు 0.8 కిలోవాట్లు, నెలకి 144 యూనిట్లు, 1,300 రూపాయలు. నేను నవ్వి, "పూల్ అంటే మాటలా బావా" అన్నాను. నాకు తెలుసు తప్పు ఎక్కడుందో. ఒప్పుకోవడానికి మనసొప్పలేదు. పంపు వెనక్కి తీసుకుంటే మళ్ళీ గోడౌన్‌లోనే పెట్టుకోవాలి కదా.

ఆ వేసవిలో మే నెలలో అందరం అక్కడ కలిశాం. ఎండలకి పూల్‌లో నీళ్ళు నాలుగైదు అంగుళాలు తగ్గాయి. పక్కనుండే స్కిమ్మర్ మూతి దగ్గర గాలి లాగుతోందని తోటమాలి స్కిమ్మర్ వాల్వ్ మూసేశాడు. అతని తప్పు కాదు, గాలి లాగితే పంపు పాడవుతుందని అతనికి చెప్పింది నేనే. స్కిమ్మర్ మూసేస్తే ఏమైంది? పంపు లాగే 18 వేల లీటర్లూ అడుగునున్న ఒకే ఒక్క డ్రెయిన్ లోంచి రావాలి. ఆ డ్రెయిన్ మీద మామూలు చదును జాలీ.

పిల్లలు రూపాయి బిళ్ళలు వేసి, మునిగి తీసే ఆట ఆడుతున్నారు. మా మేనకోడలికి అప్పుడు తొమ్మిదేళ్ళు. నడుం దాకా జుట్టు. అక్క రోజూ నూనె పెట్టి జడ వేసేది. పూల్‌లోకి దిగేసరికి జడ విప్పేసుకుంది. బిళ్ళ డ్రెయిన్ దగ్గర పడింది. తీయడానికి మునిగింది. జుట్టు జాలీలోకి వెళ్ళి, లోపల సుడి తిరిగి, ముడిపడిపోయింది.

నేను లోపల భోజనం చేస్తున్నాను. బావగారి కేక వినిపించింది. ఆయన దూకి పిల్లని లాగుతున్నారు, రావట్లేదు. నేను పంపు గదికి పరుగెత్తాను. పంపు గది ఇంటి వెనకాల. శబ్దం వినపడకూడదని అక్కడ కట్టమన్నది కూడా నేనే. వెళ్ళి స్విచ్ ఆపి వచ్చేసరికి ఎంత సేపు పట్టిందో నాకు తెలీదు. పంపు ఆగినా జుట్టు ఊడి రాలేదు, ముడి లోపల ఉంది. అక్క మామిడికాయలు కోస్తున్న కత్తి అందిస్తే, బావగారు నీళ్ళలోనే జుట్టు కోసేసి పిల్లని పైకి తెచ్చారు.

పిల్ల బాగానే ఉంది. దగ్గింది, వాంతి చేసుకుంది, ఏడ్చింది. ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచి పంపించారు. బావగారు నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. మర్నాడు పొద్దున్నే ఆ పంపు నేనే విప్పి తెచ్చేశాను.

డ్రెయిన్ సంగతి పంపుతో పాటే చూడాలి

తర్వాత దీని గురించి చదివాను. అమెరికాలో 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ళ పాప హాట్ టబ్ డ్రెయిన్‌కి అతుక్కుపోయి చనిపోయింది. ఆమె అక్కడి మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు. ఇద్దరు మగవాళ్ళు లాగితే, చివరికి డ్రెయిన్ మూత విరిగితే గానీ పాప బయటికి రాలేదు. 2007లో ఆ పాప పేరుతోనే అక్కడ చట్టం తెచ్చారు. పబ్లిక్ పూల్స్‌లో డ్రెయిన్ మూతలు ఎలా ఉండాలో అందులో పెట్టారు.

ప్రమాదం రెండు రకాలు. ఒకటి శరీరం డ్రెయిన్‌ని మూసేయడం. లెక్క చూడండి. 20 సెంటీమీటర్ల చదరపు జాలీ అంటే 400 చదరపు సెంటీమీటర్లు. పంపు లాగుడు చదరపు సెంటీమీటరుకి 0.6 కేజీ అనుకున్నా 240 కేజీలు. ఏ తండ్రీ లాగలేడు. ఇంకో మాట, ఇది చిన్న పంపుతో కూడా జరగొచ్చు. అందుకే ఒకే డ్రెయిన్ ఎప్పుడూ పెట్టొద్దు. కనీసం 3 అడుగుల దూరంలో రెండు డ్రెయిన్లు, మధ్యలో టీ వేసి కలపాలి, రెండిటి మధ్యలో వాల్వ్ ఉండకూడదు. ఒకటి మూసుకుపోతే నీళ్ళు రెండోదాంట్లోంచి వస్తాయి, మొదటిది వదిలేస్తుంది.

రెండో రకం, జుట్టు చిక్కుకోవడం. మా ఇంట్లో జరిగింది ఇదే. ఇది జాలీలోంచి నీళ్ళు ఎంత వేగంగా వెళ్తున్నాయి అనే దాని మీద ఆధారపడుతుంది. అంటే నేరుగా పంపు సైజు సంగతి. మంచి డ్రెయిన్ కవర్ గుమ్మటంలా ఉబ్బెత్తుగా ఉంటుంది, దాని మీద నిమిషానికి ఎన్ని లీటర్ల వరకు భద్రమో రాసి ఉంటుంది. మీ పంపు ఇచ్చేది ఆ నంబర్ లోపలే ఉండాలి. అదీ ఒక డ్రెయిన్ మూసుకుపోయినా, మిగిలిన ఒక్కటే మొత్తం మోసేలా. మన 8,000 లీటర్లు అంటే నిమిషానికి 133. కవర్ మీద ఏ నంబరూ లేకపోతే ఆ కవర్ కొనొద్దు. కవర్ పగిలినా, స్క్రూ ఊడినా, బాగుచేసే దాకా ఎవరినీ దిగనివ్వొద్దు.

ఇంకొకటి. పంపు ఆపే స్విచ్ ఒకటి పూల్ కనిపించే చోట, అందరికీ అందేలా పెట్టించండి. నీళ్ళలోంచి చెయ్యి చాపితే అందకూడదు, గట్టు మీద నిలబడ్డవాళ్ళు నాలుగు అడుగుల్లో చేరుకోవాలి. ఎర్ర స్విచ్, వాటర్‌ప్రూఫ్ పెట్టె. ఇంట్లో పనిచేసేవాళ్ళకి, పిల్లలకి కూడా అది ఎక్కడుందో చూపించండి.

వేగం మార్చుకునే పంపు

ఇప్పుడు వేరియబుల్ స్పీడ్ పంపులు వస్తున్నాయి. ధర ఎక్కువ. లాభం ఉందా? ఉంది, కారణం ఇది. పంపు వేగం సగానికి తగ్గిస్తే నీళ్ళు సగం అవుతాయి. కానీ కరెంటు సగం కాదు, కాగితం మీద ఎనిమిదో వంతు అవుతుంది. రెట్టింపు గంటలు నడిపినా మొత్తం యూనిట్లు నాలుగో వంతు. నిజంలో మోటార్, డ్రైవ్ నష్టాల వల్ల అంత రాదు కానీ, సగానికి సగం మిగలడం మామూలే. అమెరికాలో 2021 జులై నుంచి పూల్ పంపులకి కొత్త సామర్థ్య నిబంధనలు అమల్లోకి వచ్చాయి. దాంతో అక్కడ ఇంటి పూల్స్‌కి పెద్ద సైజు పంపుల్లో దాదాపుగా ఇవే కొంటున్నారు. డల్లాస్, ఫీనిక్స్ నుంచి మన ప్రోగ్రాం చూసేవాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది.

మన దగ్గర నా సలహా ఇది. పూల్ పెద్దదై, ఏడాదంతా నడిపేవాళ్ళయితే తీసుకోండి. బ్యాక్‌వాష్‌కి పూర్తి వేగం, రోజూ తిప్పడానికి తక్కువ వేగం పెట్టుకోవచ్చు. చిన్న పూల్, వారాంతాల్లోనే వెళ్ళే తోట అయితే, సరైన సైజు మామూలు పంపు చాలు. వోల్టేజీ బాగా ఎగుడుదిగుడుగా ఉండే ఊళ్ళలో డ్రైవ్ బోర్డు పాడయ్యే అవకాశం ఎక్కువ, స్టెబిలైజర్ లెక్క కూడా వేసుకోండి.

చివరగా కొన్ని మాటలు

కరెంటు విషయంలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా పూల్ పంపు నడపొద్దు. సరైన ఎర్తింగ్ ఉండాలి. పంపు గదికి గాలి ఆడాలి. క్లోరిన్ డబ్బాలు ఆ గదిలో పెట్టొద్దు, ఆ ఆవిరికి మోటార్ వైండింగ్, ప్యానెల్ అన్నీ పాడవుతాయి. వీలైతే పంపుని నీటి మట్టం కంటే కిందుగా పెట్టండి, ఎప్పుడూ నీళ్ళు నిండి ఉంటాయి, ప్రైమింగ్ గొడవ ఉండదు. అలా పెడితే బుట్ట శుభ్రం చేసే ముందు రెండు వైపులా వాల్వులు మూయడం మర్చిపోకండి. ఫిల్టర్ శుభ్రంగా ఉన్నప్పుడు గేజ్ ఎంత చూపిస్తోందో గోడ మీద రాసి పెట్టండి. దానికంటే 8, 10 పీఎస్ఐ పెరిగితే బ్యాక్‌వాష్ చెయ్యండి.

మీ పూల్ పొడవు, వెడల్పు, రెండు వైపుల లోతు, పైపు సైజు, ఫిల్టర్ సైజు, డ్రెయిన్లు ఎన్ని అనేవి కామెంట్‌లో పెట్టండి, లెక్క వేసి చెప్తాను. హెచ్‌పీ ఎంత అని మాత్రం అడక్కండి.

బావగారి పూల్‌లో ఇప్పుడు 0.75 హెచ్‌పీ నడుస్తోంది. అడుగు తవ్వి రెండో డ్రెయిన్ వేయించాను, ఖర్చు నాదే. నీళ్ళలో బిళ్ళ వేస్తే, అది బొమ్మో బొరుసో పైనుంచే కనిపిస్తుంది. మేనకోడలికి జుట్టు మళ్ళీ పెరిగింది. ఇప్పుడు దిగేముందు టోపీ పెట్టుకుంటుంది, నన్ను చూసి, "మామయ్యా, వాల్వ్ చూశావా?" అంటుంది. చూసే వస్తాను. ప్రతిసారీ.

వచ్చే ఎపిసోడ్‌లో బోరు నీళ్ళతో పూల్ నింపేటప్పుడు ఉప్పు, కాఠిన్యం సంగతి మాట్లాడుకుందాం. ఈ ఎపిసోడ్‌ని పూల్ కట్టించుకుంటున్న మీ వాళ్ళకి పంపించండి.